నూటికి నూరు తెచ్చుకున్న మాత్ర

ఉమాకాంతరావుగారు ప్రాంతీయ ఔషధ పరీక్షా కేంద్రానికి డైరెక్టరుగా రాకముందే ఆయన ఖ్యాతి అక్కడికి వచ్చి కూర్చుంది. అంతకుముందు ఆయన ఏదో పరీక్షల విభాగంలో పెద్ద పదవి వెలగబెట్టారు. ఆయన హయాంలో ఆ విభాగం కింద ఒక్క పిల్లాడు తప్పితే ఒట్టు. చదివినవాడు, చదవనివాడు, పరీక్షనాడు మేనమామ పెళ్లిలో పులిహోర తింటూ కూర్చున్నవాడు, అందరూ పాసే. ఇంత సమర్థుణ్ణి ఒక్కచోటే ఉంచేస్తే మిగతా శాఖలు ఏం పాపం చేశాయని పైవాళ్లు అనుకున్నారు కాబోలు, తీసుకొచ్చి మందుబిళ్లల నెత్తిన కూర్చోబెట్టారు.

ఆయనకు ప్రయోగశాల చూపించే పని హైమావతి మీద పడింది. ఆవిడ అక్కడ సీనియర్ అనలిస్టు. పెళ్లయిన కొత్తలో చేరింది, ఇప్పుడు కళ్లజోడు లేనిదే బీకరు మీద అంకెలు కనబడవు. యాంటీబయాటిక్ మాత్రల్లో రాసినంత మందు ఉందో లేదో కరెంటుతో కనిపెట్టే యంత్రం ఆవిడ చేతిలో ఉంటుంది. దాన్ని ఇంకెవరైనా ముట్టుకుంటే ఆవిడకు ఒళ్లు మండుతుంది.

"మాత్రను కల్వంలో నూరి ఈ ద్రావణంలో కరిగిస్తాం సార్," అంది హైమావతి. "ఇందులో ఈ మూడు కడ్డీలు ముంచి కాస్త కరెంటు పంపిస్తాం. మందు ఉంటే అది కడ్డీ దగ్గర స్పందిస్తుంది, తెరమీద గీత గుట్టలా లేస్తుంది. మందు ఎంత ఎక్కువుంటే గుట్ట అంత ఎత్తు. అదిగో ఆ ఎర్రగీత దాకా లేచిందంటే మాత్రలో ఉండాల్సిందంతా ఉన్నట్టు."

డైరెక్టరుగారు తల పంకించారు. గుట్ట సంగతి ఆయనకు ఎక్కినట్టు లేదు, ఎర్రగీత మాత్రం బాగా ఎక్కింది.

"మీ పాస్ పర్సెంటేజీ ఎంత?"

"డెబ్బై దాకా ఉంటుంది సార్."

ఆయన దగ్గర్లో ఉన్న స్టూలు లాక్కుని కూలబడ్డారు. పక్కనే ఉన్న సూపరింటెండెంటు బాపిరాజు పరుగున వెళ్లి మంచినీళ్లు తెచ్చాడు. బాపిరాజుకు ఈ ఉద్యోగంలో వచ్చిన విద్య అదొక్కటే. ఏ డైరెక్టరుకు ఎప్పుడు దాహం వేస్తుందో అతనికి ముందే తెలిసిపోతుంది.

"మరి తక్కిన ముప్పై?" అన్నారు ఉమాకాంతరావుగారు నీళ్లు తాగి.

"వాటిలో మందు తక్కువ సార్. పనికిరావని రాసి పంపించేశాం."

"ఫెయిల్ చేసి ఇంటికి పంపేశారన్నమాట. మరి వాటి భవిష్యత్తు?"

"మాత్రల భవిష్యత్తా సార్?"

"ఎవరిదైనా భవిష్యత్తు భవిష్యత్తేనమ్మా," అన్నారాయన. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే గద్గదమైంది. నటన అనుకోవడానికి వీల్లేదు. ఆయన మంచి మనిషి, గొడవంతా అక్కడే వచ్చింది.

ఆ సమయానికి యంత్రం మీద చిరాయుష్మాన్ రెమెడీస్ అనే కంపెనీవారి సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర ఉంది. తెరమీద గీత నేలబారుగా పాక్కుంటూ పోతోంది. మధ్యలో ఎక్కడో ఒక బొడిపె, అది కూడా ఉందా లేదా అన్నట్టుంది. హైమావతి అలవాటు ప్రకారం శుద్ధమైన మందు పొడి చిటికెడు తూచి బీకరులో వేసింది. ఎంత వేస్తే గీత ఎంత లేచిందో చూసి, దాన్నిబట్టి మాత్రలో అసలు మందు ఎంతుందో వెనక్కి లెక్క కట్టడం ఒక పద్ధతి. పొడి కరిగింది. గీత లేచింది, ఎర్రగీతను ముద్దు పెట్టుకుని దిగింది.

డైరెక్టరుగారు స్టూలు మీంచి లేచి నిలబడ్డారు.

"పాసైంది," అన్నారు.

"లేదు సార్. అది మనం వేసిన మందు. మాత్ర సొంతం కాదు."

"మనం చెప్పిన పాఠమే కదమ్మా పిల్లాడు పరీక్షలో రాసేది. అది మనదంటామా, వాడిదంటామా?"

"వాడిదే సార్," అన్నాడు బాపిరాజు.

"ఈ మాత్ర మొద్దు కాదు హైమావతిగారూ," అన్నారు డైరెక్టరుగారు. "పాపం దీనికి చెప్పేవాళ్లు లేకపోయారు, అంతే."

మర్నాటికల్లా సర్క్యులర్ వచ్చింది. దాని పేరు ఔషధ ప్రతిభా వికాస పథకం. "ఏ మాత్రనూ ప్రథమ ప్రయత్నములోనే అనుత్తీర్ణమైనదిగా ప్రకటించి దాని ఆత్మస్థైర్యమును దెబ్బతీయరాదు. వక్రరేఖ నిర్దేశిత ఎత్తునకు చేరువరకు శుద్ధ ఔషధమును తగు మోతాదులలో చేర్చుచు సదరు మాత్రకు చేయూతనీయవలెను. నివేదికలో తుది ఎత్తును మాత్రమే నమోదు చేయవలెను." కింద సంతకం నిండుగా, నాలుగు మెలికలతో ఉంది.

హైమావతి దాన్ని చదివి నవ్వుకుంది. ఇలాంటివి ఎన్ని చూడలేదు గనక, నాలుగు రోజులు హడావుడి చేసి ఆయనే ఊరుకుంటాడనుకుంది. ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు.

ఆవిడ అత్తగారు మాణిక్యాంబకు షుగరు. కాలి బొటనవేలికి పుండు పడితే జిల్లా ఆసుపత్రిలో చేర్పించారు. ఆవిడ నోరు మాత్రం ఏ జబ్బుకీ లొంగలేదు. వార్డంతా ఆవిడదే రాజ్యం. నర్సులకు పెళ్లి సంబంధాలు చూస్తుంది, వార్డుబాయ్‌కి చారు ఎలా కాచాలో చెబుతుంది. హైమావతి క్యారియర్ పట్టుకుని వెళ్లేసరికి ఆవిడ మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన స్టాండు మీద మాత్రల పట్టీ ఉంది. హైమావతి దాన్ని చేతిలోకి తీసుకుని పేరు చదివింది. చిరాయుష్మాన్ రెమెడీస్. అదే మందు, అదే బ్యాచి నంబరు.

"అత్తయ్యా, ఇవి వేసుకుంటున్నారా?"

"వేసుకోక పళ్లెంలో పెట్టుకుని పూజ చేస్తానా? రెండు పూటలా మింగుతూనే ఉన్నాను. పుండు మాత్రం పెళ్లికొచ్చిన చుట్టంలా కదలడం లేదు."

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. కేస్‌షీటు చూసి నెమ్మదిగా చెప్పాడు. "వచ్చే సోమవారం దాకా చూస్తామండి. మందు పనిచేయకపోతే వేలు తీసేయాలి. ఆలస్యం చేస్తే పాదానికి పాకుతుంది."

"మందు పనిచేయకపోవడం కాదు బాబూ, అందులో మందే లేదు."

"రిపోర్టులో నూటికి నూరు ఉంది కదా మేడమ్?"

"ఆ రిపోర్టు ఇచ్చింది మేమే."

"మరింకేం," అన్నాడు అతను. పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు.

హైమావతి బయట మందుల షాపులో మంచి కంపెనీ మాత్రలు కొని తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ఇవే వేసుకోమని మరీ మరీ చెప్పింది. మర్నాడు వెళ్లి చూస్తే కొత్త పట్టీ ఖాళీ, పుండు మాత్రం ఉన్నచోటనే ఉంది.

"ఆ చేయి కాలిన పిల్లకి రెండు ఇచ్చాను, కిటికీ పక్క ముసలాయనకి రెండు, మిగతావి అటు వరసలో వాళ్లకి," అంది మాణిక్యాంబ. "నువ్వేమో ఆ మాత్రల్లో ఏమీ లేదన్నావు. అందరూ అవే మింగుతుంటే నేనొక్కదాన్నీ గుట్టుగా మంచివి వేసుకోనా? అన్నం ఎలా దిగుతుందే?"

"మీ వేలు పోతుందత్తయ్యా."

"పోతే నాదొక్కటే పోతుందా? ఈ వార్డులో ఎన్ని వేళ్లున్నాయో లెక్కెట్టుకో. నాకు తెచ్చిపెట్టడం కాదు, ఆ సరుకును ఇక్కణ్ణుంచి ఎత్తించు. అది నీ ఉద్యోగమేగా?"

హైమావతికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆవిడ అన్నదాంట్లో తప్పులేకపోవడమే ఎక్కువ కోపం తెప్పించింది.

ఇక్కడ కేంద్రంలో పథకం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతోంది. తెలివైన మాత్రలకు ఒక గది, వెనకబడిన వాటికి ఇంకో గది ఏర్పాటు చేశారు. వెనకబడిన గదికి ఏసీ పెట్టించారు. మాత్రల్ని కల్వంలో వేసి నూరడం శారీరక దండన కిందికి వస్తుందని డైరెక్టరుగారు ఇంకో ఉత్తర్వు ఇచ్చారు. అప్పటినుంచి వాటిని గోరువెచ్చటి నీళ్లలో మెల్లగా నానబెట్టి, వాటంతట అవి కరిగేదాకా అందరూ ఓపిగ్గా కూర్చుంటున్నారు. యంత్రం ఉన్న గదిలో గట్టిగా మాట్లాడకూడదని బాపిరాజు బోర్డు రాయించాడు. మాత్రల మీద ఒత్తిడి పడుతుందట.

శుద్ధ ఔషధం సీసాలు ఇదివరకు ఏడాదికొకటి ఖర్చయ్యేవి. ఇప్పుడు పెట్టెలకు పెట్టెలు దిగుతున్నాయి.

చిరాయుష్మాన్ కంపెనీ మేనేజరు లీలాధర్ పూతరేకుల పెట్టె పట్టుకుని కృతజ్ఞతలు చెప్పుకోవడానికి వచ్చాడు. మనిషి ఎంతో వినయంగా ఉన్నాడు.

"మీ చలవ మేడమ్. ఇదివరకు మేం కూడా ఎంతో కొంత కలిపేవాళ్లం. మందు ఖరీదైందండి, మీకు తెలియందేముంది. ఇప్పుడు మీరే కలుపుతున్నారు కదా, ఒకే పని ఇద్దరు చేయడం దేనికని మా వైపు మానేశాం."

"అంటే మాత్రలో ఏముంటుంది?"

"మాత్ర ఉంటుందండి," అన్నాడు లీలాధర్. కాస్త నొచ్చుకున్నట్టే అన్నాడు. "ఆకారం, రంగు, మీద అచ్చు, వేటికీ లోటు రానివ్వం."

ఆ పూతరేకులు హైమావతి ముట్టుకోలేదు. బాపిరాజు ముట్టుకున్నాడు, ఆవిడ వాటా కూడా ముట్టుకున్నాడు.

ఇక లాభం లేదు, ఈయన కళ్లు తెరిపించాలనుకుంది హైమావతి. తన పాత స్వెటరు గుండీ ఒకటి తెంపి తీసుకొచ్చింది. డైరెక్టరుగారిని పిలిచి, ఆయన కళ్ల ముందే ఆ గుండీని బీకరులో పడేసి, యంత్రం ఆన్ చేసింది. గీత బల్లపరుపుగా పోయింది. తర్వాత సర్క్యులర్ ప్రకారం మందు చేరుస్తూ పోయింది. గీత లేచి ఎర్రగీతను అందుకుంది.

"చూశారా సార్? గుండీ కూడా నూటికి నూరు తెచ్చుకుంది. మన పథకం ప్రకారం ఇది యాంటీబయాటిక్."

ఉమాకాంతరావుగారు బీకరు మీదికి వంగి గుండీని తేరిపార చూశారు. హైమావతికి ఆశ పుట్టింది. చివరికి ఆయన జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఏ ఆసరా లేని ఒక గుండీ," అన్నారు. "దానికి మందుల కుటుంబ నేపథ్యం లేదు. తల్లిదండ్రుల్లో ఎవరూ మాత్రలు కారు. అలాంటిది ఇంత దూరం వచ్చింది. బాపిరాజుగారూ, దీన్ని మన బ్రోచర్లో వేయించాలి."

"ఫొటోతో సహా సార్," అన్నాడు బాపిరాజు.

ఆ రోజు హైమావతి ఆసుపత్రికి బస్సులో వెళ్తూ దారి పొడుగునా ఫ్లెక్సీలు చూసింది. కోచింగ్ సెంటర్లవి. ప్రతి స్తంభానికీ పిల్లల మొహాలు, వాటి కింద ర్యాంకులు. ఒకదాని మీద ఒక కుర్రాడి ఫొటో కింద, చేరినప్పుడు వచ్చిన మార్కులు ఇవి, చేరాక వచ్చిన మార్కులు ఇవి అని రెండు అంకెలు పక్కపక్కన వేశారు. మొదటిది ఎంత తక్కువైతే సెంటరుకు అంత గొప్ప. హైమావతి ఆ ఫ్లెక్సీ వైపు తల తిప్పి తిప్పి చూసింది. తను దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది.

"సార్, ఒక లోటు కనిపిస్తోంది. మనం ఇంత కష్టపడి వీటిని పైకి తెస్తున్నాం. రిపోర్టులో తుది ఎత్తు ఒక్కటే రాస్తున్నాం. ఎక్కణ్ణుంచి తెచ్చామో ఎవరికీ తెలియడం లేదు. పేరంతా కంపెనీలకే పోతోంది."

ఉమాకాంతరావుగారు పేపరు కింద పెట్టారు.

"అవునే," అన్నారు.

"కోచింగ్ సెంటర్ల వాళ్లయితే మొదట ఎంత, చివర ఎంత అని రెండూ ఫ్లెక్సీలో వేసి, సభ పెట్టి, అందర్నీ పిలిచి చెబుతారు సార్. పైగా మన మాత్రలు వాడేది జిల్లా ఆసుపత్రి. ఆ సూపరింటెండెంటుగారిని ముఖ్య అతిథిగా పిలిస్తే సభకు నిండుదనం వస్తుంది."

"హైమావతిగారూ, మీరిన్నాళ్లూ ఈ బీకర్ల మధ్య ఎందుకుండిపోయారండీ?" అన్నారాయన నిజమైన ఆశ్చర్యంతో. శనివారానికి ముహూర్తం పెట్టేశారు.

శనివారం కేంద్రం ముందు షామియానా లేచింది. వేదిక వెనక నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో చిరాయుష్మాన్ మాత్ర ఫొటో, పైన పూలదండ, కింద పెద్ద అక్షరాలతో "అప్పుడు 0, ఇప్పుడు 100." ఒక మూలన గుండీ కూడా ఉంది. వేదిక మీద డైరెక్టరుగారు, లీలాధర్, మధ్యన జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ కృపానందం కూర్చున్నారు. కృపానందం పెద్దాయన. సభలంటే ఆయనకు చిరాకు. ఒక ఆపరేషను వాయిదా వేసుకుని వచ్చినందుకు లోలోపల గొణుక్కుంటూ, సగం కళ్లు మూసుకుని ఉన్నాడు. ఫ్లెక్సీ ఆయన వీపు వెనక ఉంది.

హైమావతి మొదటి వరసలో కూర్చుంది. ఈయన నిద్రపోతే నా ప్లానంతా మట్టి కొట్టుకుపోతుంది కదా అని ఒకటే గాభరా.

ఉమాకాంతరావుగారు మైకు అందుకున్నారు.

"ఈ మాత్ర మన దగ్గరకు వచ్చిననాడు దీని దగ్గర ఏముంది? మందు ఉందా? లేదు. కొంచెమైనా ఉందా? లేదు. సున్నా. అందరూ దీన్ని తప్పించి పంపేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. మా సిబ్బంది దీన్ని కడుపులో పెట్టుకుని, బీకరులో చిటికెడు చిటికెడు మందు చేర్చి, ఈనాడు నూటికి నూరు తెప్పించి, మీ ఆసుపత్రికి సగర్వంగా పంపించారు."

బాపిరాజు చప్పట్లు కొట్టాడు. లీలాధర్ లేచి నమస్కారం పెట్టాడు. డాక్టర్ కృపానందం మూసిన కళ్లు తెరిచాడు.

"ఏమన్నారూ? మందు దేంట్లో చేర్చారు?"

"బీకరులోనండి."

"మాత్రలో కాదా?"

"మాత్రలో మేమెలా చేరుస్తామండీ? అది కంపెనీ వారి సొంత విషయం. మనం జోక్యం చేసుకోకూడదు."

"ఆ బీకరులో మందు ఏమవుతుంది మరి?"

"పరీక్ష కాగానే తొట్లో పారబోస్తామండి. శుభ్రత విషయంలో మేం చాలా కచ్చితం."

డాక్టరు కొంచెం ముందుకు వంగాడు. "నాకు సరిగ్గా అర్థమైందో లేదో చెప్పండి. మందేమో మీ తొట్లోకి పోతుంది, మందులేని మాత్రేమో నా వార్డులోకి వస్తుంది."

"సరిగ్గా గ్రహించారు," అన్నారు డైరెక్టరుగారు సంతోషంగా. తన పథకం ఇంత చప్పున అర్థం చేసుకున్నవాళ్లు ఆయనకు ఇంతవరకు తగల్లేదు.

డాక్టర్ కృపానందం తన భుజాల మీద కప్పబోతున్న శాలువాను చేత్తో పక్కకు నెట్టి, ఫోను చెవిన పెట్టుకున్నాడు. మైకు ఎదురుగానే ఉంది కాబట్టి అందరికీ వినబడింది. "సిస్టర్, అన్ని వార్డుల్లో చిరాయుష్మాన్ మాత్రలు ఇప్పుడే ఎత్తేయండి. ఈ క్షణం. ఎమర్జెన్సీ నిధుల్లోంచి బయట కొనిపించండి. కాళ్ల పుండ్ల ఆపరేషన్లు ఎవరెవరివి సోమవారానికి పెట్టారో అవి ఆపమని చెప్పండి, నేనొచ్చి చూస్తాను." ఫోను జేబులో పెట్టుకుని వేదిక దిగి, కారు దాకా పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు. హైమావతికి కళ్లనీళ్లు తిరిగాయి. ఎవరైనా చూస్తారని వంగి చెప్పు సరిచేసుకున్నట్టు నటించింది.

"డాక్టరుగారు బాగా కదిలిపోయారు," అన్నారు ఉమాకాంతరావుగారు మైకులో. శాలువా లీలాధర్‌కు కప్పారు.

తర్వాత జరగాల్సినవి జరిగాయి. చిరాయుష్మాన్ వారి లైసెన్సు ఊడింది. లీలాధర్ ఆ శాలువా కప్పుకునే విచారణకు హాజరయ్యాడని చెప్పుకున్నారు. ఉమాకాంతరావుగారి మీద పైవాళ్లు చాలా కఠినంగా వ్యవహరించి, ఆయనకు ప్రమోషనిచ్చి, జలాశయాల నీటిమట్టం కొలిచే శాఖకు పంపించారు. వెళ్లిన మొదటిరోజే, కొలబద్ద దగ్గర ఎన్ని బిందెలు పోస్తే నీళ్లు పై గీతను అందుకుంటాయని ఆయన వాకబు చేశారట. కొత్త డైరెక్టరు వచ్చేదాకా కేంద్రం బాధ్యత హైమావతి నెత్తిన పడింది. మాత్రలు మళ్లీ కల్వంలో పడ్డాయి. మందున్నవి పాసయ్యాయి, లేనివి ఇంటికెళ్లాయి.

నెల తిరిగేసరికి పై కార్యాలయం నుంచి మెమో వచ్చింది. "తమ కేంద్రపు ఉత్తీర్ణతా శాతము నూటి నుండి అరువదికి దిగజారుట తీవ్రముగా పరిగణించడమైనది. ఇందుకు బాధ్యులైన మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో వెంటనే సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

హైమావతి దాన్ని ఇంటికి తెచ్చుకుని వరండాలో కూర్చుంది. ఏం రాయాలో పాలుపోక పెన్ను నమిలింది. నిజం రాస్తే అర్థం కాదు, అబద్ధం రాస్తే చేతులు రావు. మాణిక్యాంబ రెండు గ్లాసుల కాఫీ పట్టుకుని లోపల్నించి నడిచి వచ్చింది. ఆవిడ నడక ఇంకా కొంచెం నెమ్మదే.

"ఏమిటే, అలా మొహం వేలాడేసుకున్నావు?"

"అన్నిటినీ ఎందుకు పాస్ చేయలేదని అడుగుతున్నారత్తయ్యా. నూరు శాతం ఎక్కడికి పోయిందంటున్నారు."

మాణిక్యాంబ కాఫీ కింద పెట్టి, ఎదురుగా కూర్చుని, కాలు చాపి కోడలి ఒళ్లో పెట్టింది. బొటనవేలి మీద కొత్త చర్మం లేతగా, గులాబీరంగులో మెరుస్తోంది.

"లెక్కెట్టు," అంది.

"ఏమిటి?"

"వేళ్లు లెక్కెట్టవే. ఎన్నున్నాయి?"

"అయిదు."

"ఉండాల్సినవి ఎన్ని?"

"అయిదే."

"అయిదుకి అయిదు. శాతంలో చెప్పు ఎంతో. అదే రాయి."

హైమావతి అత్తగారి పాదం ఒళ్లో అలాగే పెట్టుకుని, కాగితం దానిమీద ఆనించి రాసింది. "సదరు కాలమున మా కేంద్రపు పరీక్షల ఫలితముగా, పోవలసియున్న వేళ్లన్నియు నిలిచియున్నవి. ఉత్తీర్ణత నూరు శాతము."

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. సంజాయిషీ సంతృప్తికరముగా ఉన్నదనీ, ఇదే ఉత్తీర్ణతను మున్ముందు కూడా నిలుపుకొనవలెననీ అందులో ఉంది. హైమావతి అది చదివి వినిపిస్తే మాణిక్యాంబ మొదట నవ్వింది, తర్వాత తన వేళ్లు కూడా పైవాళ్ల లెక్కల్లోకి ఎక్కాయని గుర్తొచ్చి, కాలు దగ్గరకు లాక్కుని చీర కుచ్చిళ్లలో దాచుకుంది.